బొచ్చె నోట్లో మెతుకు

జగదభిరామారావు గారు పట్టిన బొచ్చె చేప నోట్లోంచి గాలం ఊడదీస్తుండగా, ఈకలతో చేసిన ఈగ పక్కనే ఒక అన్నం మెతుకు కనిపించేసరికి, అంత చలిలోనూ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ హైమావతికి ముచ్చెమటలు పోశాయి.

మెతుకు చిన్నదే. కానీ రేవులో కట్టిన పెద్ద తెర మీద అది కొబ్బరికాయంత ఉంది. చేపను బాగా దగ్గర నుంచి చూపించమని కెమెరా వాళ్లకు పురమాయించింది జగదభిరామారావు గారే. ఉడికిన మెతుకు, పసుపు రంగు మెతుకు, పైగా ఒంటికి ఒక ఆవగింజ అంటించుకున్న మెతుకు. నందిరేవు జనమంతా దాన్ని తేరిపార చూశారు. చప్పట్లు కొడుతున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అన్నం!" అన్నాడు సంస్థ కన్సల్టెంట్ నిరంజన్, పాము అన్నంత గట్టిగా.

అన్నం మెతుక్కి ఇంత భయమెందుకో తెలియాలంటే సంస్థ గురించి రెండు ముక్కలు చెప్పాలి. నదీవిహార క్రీడాభివృద్ధి సంస్థకు జగదభిరామారావు గారు మేనేజింగ్ డైరెక్టరు. ఆయన కిందటేడు అధ్యయనం కోసం ఒక చలిదేశం వెళ్లారు. అక్కడి పెద్దమనుషులు మొలలోతు నీళ్లలో నిలబడి, ఈకలూ దారమూ చుట్టిన ఉత్తుత్తి ఈగను కొరడాలా విసిరి, చేపను పట్టి, దాన్ని ముద్దు పెట్టుకుని మళ్లీ నీళ్లలో వదిలేయడం చూశారు. అక్కడా నదే, ఇక్కడా నదే. అక్కడా చలే, ఇక్కడా చలే. ఇంకేం కావాలి? తిరిగొచ్చి నివేదిక రాశారు. ఆ దేశంలో చేపల్ని దొరచేపలు, మోటుచేపలు అని విడదీస్తారు. దొరచేపలు మన గోదావరిలో లేవు కనుక, ఉన్న మోటుచేపల్నే దొరల పద్ధతిలో పట్టాలని తీర్మానించారు. ఏటా చలికాలంలో నందిరేవులో ఈగగాలం ఉత్సవం. దానికో నియమావళి. అందులో ఏడో నియమం అన్నిటికీ తలమానికం: "చేపను మోసగించవచ్చును గాని పోషించరాదు."

అంటే తినే వస్తువేదీ గాలానికి ఉండకూడదు. వానపాము, తవుడు ముద్ద, రొయ్యపొట్టు అన్నీ అనాగరికం. చేపకు చివరిదాకా ఏమీ ముట్టకూడదు.

ఇప్పుడు సాక్షాత్తూ ఎం.డి. గారి చేప నోట్లోనే మెతుకు.

జగదభిరామారావు గారు తెర వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"ఇది సంస్థ ప్రతిష్ఠపై జరిగిన ఆహారపూర్వక దాడిగా పరిగణిస్తున్నాం. బాధ్యులెంతటివారైనా ఉపేక్షించేది లేదు. ఏకసభ్య విచారణ సంఘాన్ని తక్షణం నియమిస్తున్నాం. దానికి అధ్యక్షుడిగా నేను వ్యవహరించడానికి అంగీకరిస్తున్నాను."

చేపను నీళ్లలోకి వదిలేశారు. అందరిలోకీ నిశ్చింతగా వెళ్లిపోయింది అదొక్కటే.

*

విచారణ సంఘానికి ముందుగా కావలసింది నిందితుడు. ఎం.డి. గారిని నది మధ్యకు తీసుకెళ్లిన పడవ ఓలేటి నూకరాజుది. కాబట్టి వెతుక్కునే పని లేకపోయింది.

"పొద్దున పడవలో ఏం తిన్నావు?" నిరంజన్ అడిగాడు.

"సద్దన్నమండి. ఉల్లిపాయ నంజుకున్నానండి."

"అంటే అన్నం."

"ఆయ్. సద్దన్నమంటే అన్నమేనండి మరి. ఇంకేటుంటదండీ అందులో?"

"ఒప్పుకున్నాడు, రాసుకోండి," అన్నాడు నిరంజన్. "పేరు చూడండి సార్, పేరులోనే నూకలున్నాయి."

హైమావతికి ఉండబట్టలేదు. "సార్, చద్దన్నం తెల్లగా ఉంటుంది. ఆ మెతుకు పసుపుపచ్చగా ఉంది. ఆవగింజ కూడా ఉంది."

జగదభిరామారావు గారు కళ్లజోడు తీసి, శాలువా కొంగుతో తుడుచుకున్నారు. "రంగు విషయమై నిపుణుల అభిప్రాయం సేకరించవలసి ఉంటుందమ్మా. తొందరపడరాదు."

నిపుణుడంటే నిరంజనే. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు తెల్లని వస్తువులు పచ్చగా కనిపించే అవకాశం ఉందనీ, ఆవగింజ మాత్రం కుట్ర లోతుకు నిదర్శనమనీ అతను సాయంత్రానికల్లా అభిప్రాయం ఇచ్చాడు.

నూకరాజు పడవను సాక్ష్యం కింద జప్తు చేశారు. సంస్థ జెట్టీకి కట్టి, తాడు ముడి మీద లక్క సీలు వేశారు. వల వేసే లైసెన్సు అప్పటికి ఆపేశారు. దాన్ని శాశ్వతంగా రద్దు చేయమని సిఫార్సు చేస్తూ మత్స్యశాఖ తరఫున హైమావతి సంతకం పెట్టాలి. వచ్చే సోమవారం గడువు.

రేవు మెట్ల మీద నూకరాజు ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. మెట్లంటే మెట్లు కావు, జారుడు మట్టి. కొత్త మెట్లు కట్టిస్తామని సంస్థ శంకుస్థాపన చేసిన రాయి మాత్రం పక్కనే ఉంది. పల్లెవాళ్లు దాని మీద వలలు ఆరేసుకుంటారు.

"మేడంగారూ, ఇప్పుడే కదండీ నీరు తగ్గి చేపలన్నీ గుండంలోకి చేరేది. ఈ రోజులు దాటిపోతే మళ్లీ వానాకాలం దాకా మాకేం ఉండదండి. ఆ పడవ లేకపోతే నేను ఒడ్డున కూకుని ఏం చెయ్యాలండీ?"

"నువ్వు మెతుకు పెట్టలేదు కదా నూకరాజూ?"

"పెడితే గిడితే మా ఆవిడ వండిన చేపలపులుసు పెట్టేవోణ్ణి గానీ, ఎం.డి. గారి గాలానికి అన్నం ఎందుకు పెడతానండీ బాబూ? పైగా ఆయన నన్ను అటు తిరిగి కూకోమన్నారండి. మెడ పట్టేసింది."

"అటు తిరిగి కూర్చోమన్నారా? ఎందుకు?"

"ఏమోనండి. పెద్దోళ్లు. శాలువా కప్పుకుని ఏదో ధ్యానం చేసుకుంటారేమో అనుకున్నాను."

హైమావతికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చినంత వేగంగా దాన్ని వెనక్కి పంపేసింది. ఆయన విచారణ సంఘం అధ్యక్షుడు. విచారణ సంఘం అధ్యక్షుణ్ణి అనుమానించడానికి ఆమె సర్వీసు రూల్సులో ఎక్కడా చోటు లేదు.

*

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నేరస్థుణ్ణి పట్టుకోవడం ఆలస్యం కావచ్చు గానీ, నేరసాధనాన్ని నిర్మూలించడం మన చేతిలో పని, కావున నందిరేవును అన్నరహిత నదీమండలంగా ప్రకటించడమైనది. ఊళ్లోకి వచ్చే రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టి, ఇళ్లలోని బియ్యం రసీదిచ్చి గోడౌనుకు తరలించారు. అందరికీ గోధుమరవ్వ పంచారు. చెక్‌పోస్టులో ప్రతి వాహనాన్నీ, ప్రతి క్యారియరునూ తనిఖీ చేయాలి, ఉత్తర్వు జారీ చేసిన అధికారి వాహనం మినహా.

తనిఖీకి మత్స్యశాఖ తోడు ఉండాలన్నారు. బియ్యానికీ మత్స్యశాఖకూ ఏమిటి సంబంధమని హైమావతి అడిగితే, ఆ సంబంధాన్నే కదా మనం తెంచుతున్నదని నిరంజన్ చెప్పాడు.

మొదటి పేచీ ఇడ్లీ దగ్గర వచ్చింది. రేవు ఎదుట ఫలహారశాల నడిపే వీర్రాజు ఇడ్లీపాత్ర మూత మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఇది అన్నం కాదండి. ఇడ్లీ అండి. మీరు కూడా రోజూ తింటన్నారు కదండీ?"

"ఇడ్లీ అనేది మారువేషంలో ఉన్న బియ్యం," అన్నాడు నిరంజన్.

"మినప్పప్పు కూడా ఉందండీ అందులో!"

ఫైలు పైకి వెళ్లింది. సాయంత్రానికి స్పష్టత వచ్చింది: ఇడ్లీలోని మినప్పప్పు భాగమునకు అభ్యంతరము లేదు, దానిని బియ్యపు భాగము నుండి వేరుచేసి వడ్డించవలెను. వీర్రాజు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గల్లాపెట్టె మీద తగిలించి, ఉప్మా మొదలుపెట్టాడు.

ధనుర్మాసం కావడంతో తెల్లారకుండానే ఆడవాళ్లు వాకిళ్లలో ముగ్గులు పెట్టుకుంటున్నారు. బియ్యప్పిండి ముగ్గు! మంచుకు తడిసి, కాలవలో కలిసి, నదిలో చేరితే? నిరంజన్ ముగ్గుబుట్టలు పట్టుకోవడానికి మనుషుల్ని పంపాడు. ఒక ముసలమ్మ సగం పెట్టిన రథం మధ్యలో నిలబడి తగవు వేసుకుంది.

"చీమలకి పెట్టుకునే పిండిరా ఇది! చీమల్ని కూడా పస్తుంచుతారంట్రా?"

"చీమలు మా పరిధిలోకి రావు మామ్మగారూ. రాతిముగ్గు వాడుకోండి."

"నీ పెళ్లికి రాతిముగ్గు పెడతాను, రారా!"

పెళ్లంటే గుర్తొచ్చింది, ఆ వారంలో రేవు సత్రంలో ఒక షష్టిపూర్తి పెళ్లి జరిగింది. అక్షింతలు బియ్యమే కదా అని ఎవరో సకాలంలో గుర్తు చేశారు. జంట మీద తెల్ల పూసలు చల్లి దీవించారు. పూసలు గట్టిగా తగిలి పెళ్లికొడుకు నుదురు కమిలింది. వాటిని ఏరి, తూచి సంస్థకు అప్పగించారు.

అన్నిటికన్నా పెద్ద గొడవ స్నానాల ఘాటులో కర్మలు చేయించే సోమిదేవయ్య గారితో. పిండాలు పెట్టకూడదంటే ఆయన చెవులు మూసుకున్నారు.

"నాయనా, పితృదేవతలు ఊరుకోరు."

"వారికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తెప్పించండి, పరిశీలిస్తాం," అన్నాడు నిరంజన్.

"ఎవరి దగ్గర్నుంచి?"

"సదరు పితృదేవతల దగ్గర్నుంచే. జిరాక్సు చెల్లదు."

సోమిదేవయ్య గారు తర్పణం గిన్నె కింద పెట్టారు. "వెళ్లి తేవలసింది నువ్వేనోయ్," అని ఊరుకున్నారు.

ఇంత జరుగుతున్నా ఉత్సవం ఆగలేదు. మంచులో, మొలలోతు నీళ్లలో, రబ్బరు లాగులు వేసుకుని సభ్యులు ఈగలు విసురుతూనే ఉన్నారు. ఒకాయన ఈగ వెనక ఉన్న తుమ్మ చెట్టును పట్టింది, ఇంకొకాయనది పక్కాయన మంకీ టోపీని పట్టుకుపోయింది. నందిరేవు బొచ్చెలు తరతరాలుగా ఘాటు దగ్గర అన్నం తిని పెరిగినవి. ఈకలను అవి కాకిరెట్టను చూసినట్టు చూసి పక్కకు తప్పుకునేవి. బియ్యం ఆగిపోయాక మాత్రం వాటి ప్రవర్తన మారింది. పొద్దున్నే ఘాటు ఒడ్డున వరుసగా తలలు పైకెత్తి, నోళ్లు తెరిచి నిలబడేవి. సోమిదేవయ్య గారు గంట మోగిస్తే ఇంకా దగ్గరికి జరిగేవి. ఆయన వట్టి చేతులు చూపించి, "సంస్థ వారినడగండి," అనేవారు.

జగదభిరామారావు గారు ఈ వివరాలన్నీ రోజూ తెప్పించుకునేవారు. సంతకానికి వచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టేవారు. మనిషి మాత్రం ఎందుకో నీరసించిపోతున్నాడని హైమావతికి అనిపించింది. ముగ్గుపిండి ఉత్తర్వు మీద సంతకం పెట్టబోయి ఆయన కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారు. "మరీ ఇంత దూరమా?" అని గొణిగారు కూడా. "నియమం మీదే కదా సార్," అన్నాడు నిరంజన్. ఆయన పెట్టేశారు.

*

శనివారం నాటికి నిరంజన్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఊళ్లో అన్నం లేదు. ఇప్పుడు ఎం.డి. గారు మరోసారి ఈగ వేసి చేపను పడితే, ఏడో నియమం నిర్దోషమని లోకానికి తేలిపోతుంది. నూకరాజు నేరమూ రుజువైపోతుంది. దానికి శుద్ధ ఈగ నిరూపణ కార్యక్రమం అని పేరు పెట్టారు. ఆదివారం ముహూర్తం. సోమవారం హైమావతి సంతకం.

"చేప పడకపోతేనో?" అన్నారు జగదభిరామారావు గారు.

"మీకు పడకపోవడమేంటి సార్! మొదటిసారి పడింది కదా."

ఆయన శాలువా ఇంకాస్త దగ్గరకు లాక్కున్నారు.

ముందు జాగ్రత్తగా నూకరాజును ఆదివారం పొద్దున్నే పోలీసు ఔట్‌పోస్టులో కూర్చోబెట్టారు. హైమావతి వెళ్లి చూసింది. బల్ల మీద ఉప్మా పళ్లెం పెట్టుకుని, దాన్ని స్పూనుతో గట్టులా కట్టి మధ్యలో పడవలా పచ్చిమిరపకాయ పెట్టాడు.

"తిను నూకరాజూ."

"వారం నుంచి ఇదేనండి. నోట్లో ఇసక మేసినట్టుందండి. మేడంగారూ, రేపు సంతకం పెట్టేత్తారేంటండీ?"

ఆమె పళ్లెం అతని ముందుకు ఇంకొంచెం జరిపింది. పక్క బల్ల దగ్గర కానిస్టేబులు కూడా తన ఉప్మాతో గట్టు కట్టడం మొదలుపెట్టాడు.

కార్యక్రమం మొదలైంది. ఈసారి పడవ సంస్థదే, నడిపేవాడూ సంస్థ మనిషే. పొగమంచులో ఆ పడవ నది మధ్యకు వెళ్లింది. పెద్ద తెర మీద ఎం.డి. గారి వీపు కనిపిస్తోంది. శాలువా కప్పుకుని ఉన్నారు. పడవ నడిపేవాణ్ణి అటు తిరిగి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. హైమావతి వెనక్కి పంపేసిన ఆలోచన మళ్లీ వచ్చింది.

ఈగ గాల్లోకి లేచింది, వంపు తిరిగింది, నీళ్ల మీద పడింది. పడీ పడగానే నది విచ్చుకున్నట్టు నాలుగు బొచ్చెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దాని మీదికి ఎగబడ్డాయి. రేవంతా కేకలు. నిరంజన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "శుద్ధ ఈగ! శుద్ధ ఈగ!" అని గంతులు వేశాడు.

చేపను ఒడ్డుకు తెచ్చారు. గాలం తీయాల్సింది హైమావతి. ఈసారి ఆమె కెమెరాకు వీపు తిప్పి కూర్చుంది. బొచ్చె నోరు తెరిచింది. ఈకల సందున పసుపు మెతుకులు. ఒకటి కాదు, చిన్న ముద్ద. ఆవాలు, ఒక వేరుశనగ బద్ద, కరివేపాకు తునక. వాసన కూడా చూసింది. నిమ్మకాయ పులిహోర.

గాలాన్ని రుమాల్లో చుట్టి, చేపను నీళ్లలోకి వదిలి, ఆమె తిన్నగా ఎం.డి. గారి గుడారంలోకి నడిచింది. నిరంజన్ బయట విలేకరులకు ఈగ గొప్పదనం చెబుతున్నాడు.

జగదభిరామారావు గారు రబ్బరు లాగు విప్పుకోలేక అవస్థ పడుతున్నారు. ఆమె రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది.

"సార్, ఊళ్లో బియ్యపు గింజ లేదు. నూకరాజు ఔట్‌పోస్టులో ఉప్మా ముందు కూర్చున్నాడు. చెక్‌పోస్టులో తనిఖీ లేకుండా లోపలికి వచ్చే కారు ఒక్కటే ఉంది."

బయట చప్పట్లు వినిపిస్తున్నాయి. ఆయన ఒక కాలు లాగులో, ఒక కాలు బయటా ఉంచి అలాగే కుర్చీలో కూలబడ్డారు.

"నా మీద చర్య తీసుకోవాలంటే విచారణ సంఘం సిఫార్సు చేయాలమ్మా."

"ఆ సంఘం మీరే కదండీ."

"అదే కదా ఇబ్బంది."

"ఇబ్బంది మీది కాదండి, నూకరాజుది. రేపు నేను సంతకం పెడితే ఈ ఏడు వాళ్లింట్లో పొయ్యి వెలగదు. నేను పెట్టను. ఎందుకు పెట్టలేదని అడిగితే, ఈ రుమాలు తీసుకెళ్లి ఆ తెర ముందు పెడతాను."

ఆయన లాగులోని కాలు కూడా బయటికి లాగేసుకున్నారు. తర్వాత శాలువా లోపలి నుంచి అరచేతిలో ఇమిడే స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, రుమాలు పక్కన పెట్టారు. గుడారమంతా ఇంగువ వాసన కమ్ముకుంది. వారం రోజులుగా ఉప్మా తింటున్న హైమావతి తెలియకుండానే బల్లకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ముందు ఆ పడవ విడుదల కాగితం రాసి ఇలా ఇవ్వండి," అన్నారాయన. ఆమె రాసిచ్చింది. సంతకం పెట్టారు. కాగితం మళ్లీ చదవనైనా లేదు. "ఇప్పుడు రాసుకోండి. నేనే చెబుతాను.

"మొదటిసారి జరిగింది పొరపాటమ్మా. మా అమ్మ ఉన్నన్నాళ్లూ, నది మీద ఏం తిన్నా మొదటి ముద్ద గంగమ్మకు పెట్టాలనేది. ఆ రోజు చలికి ఆగలేక శాలువా చాటున పులిహోర తింటున్నాను. అలవాటు కొద్దీ ఒక ముద్ద నీళ్లలో వేశాను. ఆ చేత్తోనే ఈగను పట్టుకున్నాను కాబోలు, మెతుకు అంటుకుంది. చేప లాగింది. ఆ చలిదేశంలో ఉన్నన్నాళ్లూ నడుం దాకా నీళ్లలో నిలబడినా ఒక్క చేప కూడా నా ఈగను మూతితో పొడవలేదమ్మా. 'అనుభవం ఆశాజనకం' అని రాసి వచ్చాను. అలాంటిది, దారం అవతల ఒక ప్రాణి నన్ను నమ్మి లాగుతుంటే, నా ఒళ్లు ఝల్లుమంది. తెర మీద మెతుకు కనిపించాక మైకు చేతికొచ్చింది గానీ నిజం నోటికి రాలేదు. ఆ తర్వాత ప్రతి ఉత్తర్వూ దాన్ని దాచడానికే. ఇవాళ మాత్రం తెలిసే పెట్టాను. నూకరాజు సంగతి తెలిసి కూడా పెట్టాను, అది కూడా రాయండి. ఆ చేపలు నోళ్లు తెరుచుకుని నిలబడుతున్నాయని మీ రిపోర్టులో చదివాను. వట్టి ఈకలు విసరడానికి చెయ్యి రాలేదు.

"మోసగించవచ్చును గాని పోషించరాదు అని రాసింది నేనే. సర్వీసంతా ఆ నియమానికి కట్టుబడే ఉన్నానమ్మా. ఈ రేవుకు మెట్లు చూపించాను, రాయి పాతాను. పల్లెకు మంచినీళ్లు చూపించాను, గొట్టం పాతాను. ఏది చూపించినా ఈకలే. చూపించింది చూపించినట్టుగా నేను నోటికి అందించింది నా జన్మలో ఆ బొచ్చెలకే. శిక్ష ఏదైనా వేయమనండి. కానీ నేరం ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి, మాట మార్చకండి: అన్నం పెట్టాడు."